పొట్లం కట్టబడదు

అల్లవరం నుంచి ఓడలరేవు వెళ్లే దారిలో, మా కుట్టుమిషన్ కొట్టుకి ఎదురుగా, ఎండ వాలేసరికి ఓ తోపుడు బండి వచ్చి ఆగుతుంది. బండి మీద పెద్ద ఇత్తడి గుండిగ, గుండిగలో కణకణమనే నిప్పులు, వాటి మీద ఇనప జాలీ. పక్కన తెల్లరేకు మీద ఎర్రరంగుతో రాసిన బోర్డు: "సత్యదుర్గ. నిప్పుల మీద కాల్చిన కూరిన మిరపకాయలు. పంది మాంసం చుట్టినవి. పొట్లం కట్టబడదు."

సముద్రానికి వెళ్లే కుర్రాళ్లు ఆ చివరి ముక్క దగ్గర బళ్లు ఆపి ఫొటోలు తీసుకుంటారు. "పార్సిల్ ఇవ్వకుండా వ్యాపారం ఎలా నడుస్తుందండీ?" అని నవ్వుతారు. నవ్వుకోనివ్వండి. ఆ ముక్క రాయడానికి ఆవిడ ఏం వదులుకుందో వాళ్లకేం తెలుసు? నాకు తెలుసు. నా పేరు భవానీదేవి. జాకెట్లు కుడతాను. నోరు కాస్త పెద్దదని ఊళ్లో పేరుంది. ఈ సంగతి చెప్పాలంటే ఆ మాత్రం నోరు ఉండాల్సిందే.

సత్యదుర్గని నేను దుర్గ వదిన అంటాను. చుట్టరికం ఏమీ లేదు, పక్కపక్క ఇళ్లు, అంతే. చాలా ఏళ్లు బహ్రెయిన్‌లో ఓ ఇంగ్లీషు వాళ్లింట్లో వంట చేసి వచ్చింది. మా వైపు ఆడవాళ్లు గల్ఫ్ వెళ్లడం వింత కాదు. వెళ్లొచ్చాక మాత్రం ఓ కట్టుబాటు ఉంది. అక్కడ ఏం పని చేసేవారో ఎవరూ గట్టిగా అడగరు. అడిగితే "పిల్లల్ని చూసుకునేదాన్నండి" అనాలి. దొడ్లు కడిగినా పిల్లల్నే చూసుకున్నట్టు, మంచం పట్టిన ముసలాయనకి అన్నీ చేసినా పిల్లల్నే చూసుకున్నట్టు. మా ఊరి ఆడవాళ్ల మాటలు వింటే ఆ ఎడారి దేశాల్లో పెద్దవాళ్లంటూ ఎవరూ లేరేమో అనిపిస్తుంది.

దుర్గ వదిన అలా కూడా అనలేదు. ఎవరూ అడగలేదు, తను చెప్పలేదు. తిరిగి రాగానే పెళ్లిళ్ల వంటలు పట్టింది. ఆవిడ భర్త గణపతి అన్నయ్య కొబ్బరి దింపు పని చేస్తాడు, మాట తక్కువ మనిషి. సంసారం ఎక్కువగా ఆవిడ గరిటె మీదే నడిచేది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఆవిడ చేస్తే పంక్తిలో మగపెళ్లివారు రెండోసారి అడిగి వేయించుకునేవారు. మంచి ముహూర్తాల్లో అల్లవరం చుట్టుపక్కల ఆవిడ తీరిక చూసుకుని పెళ్లి వంటకి తాంబూలం ఇచ్చేవారు. తాంబూలం అందుకుంటే వంట ఖాయమైనట్టే.

ఆ వంటలకి గుండిగలు రామాలయం కమిటీవి. దాతలు కొనిచ్చినవి, ప్రతి దాని మీదా దాత పేరు చెక్కించి ఉంటుంది. అన్నిటిలోకీ పెద్ద ఇత్తడి గుండిగ మీద "సత్యదుర్గ, బహ్రెయిన్" అని ఉంటుంది. అక్కడున్నప్పుడు డబ్బు పంపి కొనిపించింది. ఏటా శ్రీరామనవమికి పానకం కలిపేది అందులోనే.

ఇలా ఉండగా ఓడలరేవు దగ్గర గ్యాసు పనులు చేసే ఓ కాంట్రాక్టు వాళ్ల గెస్టుహౌసు నుంచి కబురొచ్చింది. పని ముగించుకుని వెళ్లిపోతున్న విదేశీ ఇంజనీర్లకి శనివారం రాత్రి వీడ్కోలు విందు. అన్నం, కూరలు మామూలే. ముందు కొరుక్కోవడానికి మాత్రం, నిప్పుల మీద కాల్చింది ఏదైనా కావాలన్నారు. "కూరిన మిరపకాయలకి బేకన్ చుట్టి కాలుస్తాను, తింటారా?" అని అడిగింది వదిన. అడగడమే ఆలస్యం, ఫోన్లో అవతలాయన ఎగిరి గంతేసినంత పని చేశాడట. బేకన్ అంటే ఏంటో నాకు తెలీదు. ఉప్పు పట్టించి పొగబెట్టిన పంది పొట్ట మాంసం అని వదినే చెప్పింది. బహ్రెయిన్‌లో ప్రతి శుక్రవారం దొరగారి పెరట్లో తను చేసే వంట అది.

మా దగ్గర పంది మాంసం అమ్మేది దానం అనే అతను. కాలవ గట్టుకి అవతల అతని కొట్టు. ఆదివారం మాత్రమే తీస్తాడు. అక్కడికి మా ఊరి మగాళ్లెవరూ వెళ్లరు. వెళ్లరని అంటారు. అయినా మధ్యాహ్నానికి సరుకు మిగలదు. మొహానికి తువ్వాలు చుట్టుకుని, వెనక దారిన వచ్చి, కాగితంలో చుట్టించి, నల్ల కవర్లో వేయించి, ఆ కవరుని ఇంకో నల్ల కవర్లో వేయించుకుని పోతారు. దుర్గ వదిన ఆదివారం పొద్దున్నే ముందు దారిన వెళ్లింది. తోడు నేనూ వెళ్లాను.

"ఎన్ని కవర్లు వేయమంటారమ్మా?" అన్నాడు దానం అలవాటు కొద్దీ.

"ఒక్కటీ వద్దండి దానం గారూ. బేసిను తెచ్చుకున్నాను."

"దారంతా కనపడుతుందమ్మా."

"కనపడనివ్వండి. దొంగసొత్తు కాదు కదా."

దానం కాసేపు కత్తి ఆపి ఆవిడ వైపు చూశాడు. "నా కొట్టుకి బేసిను పట్టుకొచ్చిన మొదటి మనిషి మీరేనమ్మా" అని, పొట్ట వైపు మంచి భాగం ఏరి పల్చగా కోసి ఇచ్చాడు. ఆ బేసిను చంకన పెట్టుకుని వదిన కాలవ వంతెన దాటి, రామాలయం ముందు నుంచి, సంత మధ్య నుంచి ఇంటికి నడిచింది. పక్కన నేను. చూసినవాళ్ల మొహాలు నేను చూశాను. మేం ఇల్లు చేరేలోపే ఊరంతా చేరిపోయింది కబురు.

మర్నాడు వదినని రామాలయం అరుగు మీదకి రమ్మన్నారు, వెంట నేనూ వెళ్లాను. కమిటీకి పెద్ద నరసింహమూర్తి గారు. కొబ్బరితోటలు, వరిచేలు ఉన్న మనిషి. ఎంత కోపమొచ్చినా గొంతు పెంచరు. ఆయన కూతురు శిరీష పెళ్లి జ్యేష్ఠంలో. ఆ పెళ్లి వంటకి దుర్గ వదినకి తాంబూలం ఇచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. ఆయన ఇంట్లో వంట పోతే ఊళ్లో ఇంకే ఇంట్లోనూ పిలుపు ఉండదు. ఇది అక్కడున్న అందరికీ తెలుసు. వదినకీ తెలుసు.

"అమ్మా దుర్గా, నిన్న ఏదో బేసిను పట్టుకెళ్లేవంట. ఏవేవో అంటున్నారు. నేను నమ్మలేదు" అన్నారు మూర్తి గారు.

"నమ్మండి. పంది మాంసమేనండి."

"అదే, గెస్టుహౌసు వాళ్లు తెమ్మన్నారు, తెచ్చి ఇచ్చేసేను, చెయ్యి పెట్టి వండేది నేను కాదు అను. సరిపోతుంది. అక్కడ కూడా నువ్వు పిల్లల్ని చూసుకున్నదానివే కదా."

"నేనలా అనలేదండి. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు మీరు అడిగేరు కాబట్టి చెబుతున్నాను. వంట చేసేనండి అక్కడ. ఈ మాంసమూ వండేను. ఈ శనివారం కూడా వండుతాను."

వెనకనుంచి ఎవరో "ముస్లిముల దేశంలో పంది ఎక్కడిదండీ, కోతలు" అని గొణిగేరు. వదిన అటు తిరిగింది.

"ఉంటుందండి. పెద్ద కొట్లలో విడిగా ఓ గది ఉంటుంది. తినకూడని వాళ్లు పొరపాటున రాకుండా బయట బోర్డు పెడతారు. తినేవాళ్లు బోర్డు చూసుకుని ముందు తలుపులోంచే వెళ్తారు. మొహానికి తువ్వాలు చుట్టుకోరు."

అరుగు మీద ఇద్దరు ముగ్గురు కాలవ వైపు చూడ్డం మొదలుపెట్టారు. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. మూర్తి గారు మాత్రం నిదానంగానే ఉన్నారు. నిజం చెప్పాలంటే ఆయన ఆవిడకి దారి చూపిస్తున్నాననే అనుకుంటున్నారు.

"మా అమ్మాయి పెళ్లి వంట నీ చేతి మీదుగా జరగాలనే ఉందమ్మా నాకు. ఒక్క మాట అనెయ్యి, చాలు. మిగతావాళ్లకి నేను సర్దిచెప్పుకుంటాను. లేదంటే ఆ చేత్తో వండింది పెళ్లివారు ఎలా తింటారు? కమిటీ గుండిగలు ఎలా ఇస్తాం?"

ఒక్క అబద్ధం. అంతే అడిగేరు. దాంతో పెళ్లి వంట నిలబడుతుంది, ముహూర్తాలు నిలబడతాయి, పొయ్యి మీద గిన్నె నిలబడుతుంది. అనెయ్యి వదినా, అని లోపల్లోపల నేను కూడా అనుకున్నాను.

"మూర్తి గారూ, మొన్న నవమికి ఈ చేత్తోనే పానకం కలిపేను. మీరు రెండోసారి అడిగి తాగేరు. ఆ గుండిగ మీద పేరు మీరే చెక్కించేరు. అక్కడ శుక్రవారాలు ఈ మాంసం వండిన జీతంతో కొన్నదే అది. రాముడేమీ అనలేదండి" అంది దుర్గ వదిన. "నేను ఇప్పుడు లేదంటే, అక్కడ అన్నాళ్లు చేసిందంతా సిగ్గుపడాల్సిన పని అయిపోతుంది. సిగ్గుపడే పని నేనేం చేయలేదండి. వంట చేసేను. బాగా చేసేను."

"సరేనమ్మా. నీ ఇష్టం" అన్నారు మూర్తి గారు, భుజం మీద కండువా సర్దుకుంటూ.

మా కోనసీమలో తిట్లకి ఎవరూ భయపడరు. ఆ మర్యాదగా అన్న "నీ ఇష్టం"కే భయపడాలి. మర్నాడు పొద్దున్న తలుపు తీసేసరికి ఆవిడ ఇంటి గేటు దగ్గర, రామాలయానికి ఆవిడ కొనిచ్చిన గుండిగ బోర్లించి ఉంది. పేరున్న వైపు గోడకి తిప్పి పెట్టారు.

వదిన ఏడ్చింది. ధైర్యవంతురాలు కాబట్టి ఏడవలేదని అనను. గుమ్మంలో కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వెళ్లి ఆ గుండిగని మూర్తి గారి వీధరుగు మీద దొర్లించి వద్దామన్నాను. గణపతి అన్నయ్య గుండిగ చుట్టూ ఓసారి తిరిగేడు. గోరుతో టంగుమనిపించేడు.

"అడుగున ఇసక పోస్తే నిప్పులకి చెడదు. కొబ్బరి చిప్పలు నేను తెస్తాను" అన్నాడు.

వదిన కళ్లు తుడుచుకుని లేచింది. చింతపండు పెట్టి గుండిగని తళతళలాడేలా తోమింది. తోముతున్నంతసేపూ మూర్తి గారిని ఆయనకి తెలియని మాటలన్నీ అంది. అవి ఇక్కడ రాయలేను.

మాంసానికి ఉప్పూ, బెల్లం తురుమూ, దంచిన మిరియాలూ పట్టించి ఫ్రిజ్‌లో పెట్టి, తర్వాత డాబా మీద కొబ్బరి పీచు డొక్కల పొగ పట్టించింది. శనివారం మధ్యాహ్నం నేనూ సాయం కూర్చున్నాను. పొడుగాటి బజ్జీ మిరపకాయలు నిలువునా చీరి గింజలు తీసేయడం నా పని. గుడ్డలో కట్టి నీరు ఓడ్చిన గడ్డపెరుగులో వెల్లుల్లి, కొత్తిమీర, మిరియాలపొడి కలిపిన ముద్ద ఒక్కో కాయలో కూరాలి. అక్కడే నా చెయ్యి నన్ను మోసం చేసింది. చీరిన బజ్జీ మిరపకాయ చేతికొస్తే మా వైపు ఏ ఆడదైనా చేసే పనే నేనూ చేశాను. వంటింట్లోకెళ్లి వామూ చింతపండూ నూరి తెచ్చి, కాయకి లోపలంతా రాసేశాను. సగం కాయలయ్యాక వదిన చూసింది.

"భవానీ! శనగపిండి కూడా కలిపేవా, లేక నూనె పెట్టేదాకా ఆగేవా?" అని అరిచింది.

కడగడానికి టైము లేదు. ఆ చింతపండు మీదే పెరుగు ముద్ద కూరి, పల్చటి మాంసం చుట్టి, నానబెట్టిన కొబ్బరి ఈనె ముక్కలు గుచ్చింది. గెస్టుహౌసు పెరట్లో గుండిగ పెట్టి, చిప్పలు రాజేసి, మంట ఆరి నిప్పులయ్యాక కాయలు పేర్చింది. కొవ్వు కరిగి నిప్పుల మీద చుంయ్ మంటుంటే, మాంసం అంచులు ఎర్రగా ముడుచుకుంటుంటే, ఆ వాసనకి గేటు దగ్గర వాచ్‌మన్ కూడా లోపలికొచ్చి నిలబడ్డాడు. వదిన మొదటి కాయ కొరికి కళ్లు మూసుకుంది. "ఆ కొవ్వుకి ఈ పులుపే కావాలే. అన్నేళ్లు చేసేను, నాకు తట్టలేదు" అంది. ఆ రోజు నుంచి వామూ చింతపండూ ఆ వంటలో ఉండిపోయాయి. నేను తిన్నానా అంటారా? తిన్నాను. అందరి ముందూ నిలబడే తిన్నాను.

విందు బాగా జరిగింది. తర్వాత ముహూర్తాలు మొదలయ్యాయి. దుర్గ వదిన గుమ్మంలోకి తాంబూలం పట్టుకుని ఒక్కరూ రాలేదు. శిరీష పెళ్లి వంట రాజోలు వాళ్లకి ఇచ్చేరని తెలిసింది. కొన్నాళ్లు చూసి, వదిన ఓ పాత తోపుడు బండి కొని, బాగు చేయించి రోడ్డు మీదకి తెచ్చింది. గుండిగని పేరు రోడ్డు వైపుకి తిప్పి పెట్టింది.

మొదటి రోజు వచ్చినవాళ్లలో ఒక్కరూ బండి దిగలేదు. హెల్మెట్ తీయకుండా, ఇంజను ఆపకుండా, "కట్టు, నల్ల కవర్లో" అని చెయ్యి చాపేరు. వదిన పట్టకారు కింద పెట్టేసింది.

"కట్టనండి. దిగి, ఇక్కడ నిలబడి తినండి."

"ఇక్కడా?" అన్నాడొకడు, ఆవిడేదో బట్టలు విప్పమన్నట్టు.

"మీరు సిగ్గుపడుతూ తినడానికి నేను వండలేదండి. ఈ కవరు కోసం నేను పెళ్లి వంటలు వదులుకోలేదు."

వాళ్లు తిట్టుకుంటూ వెళ్లిపోయేరు. మర్నాడు బోర్డు మీద ఆ చివరి ముక్క చేరింది. చాలా రోజులు సరుకు మిగిలిపోయేది. గణపతి అన్నయ్యా, నేనూ, ఆదివారాలైతే దానం గారూ కలిసి తినేవాళ్లం. కాస్త కట్టి అమ్ముకుంటే ఏం పోతుంది వదినా అని ఓ రోజు అన్నాను. "అంతా పోతుంది" అని కసిరింది నన్ను. తర్వాత సముద్రానికి వెళ్లే బయటి ఊళ్ల వాళ్లు ఆగడం మొదలైంది. మా ఊరి వాళ్లు మాత్రం వాసన పీల్చుకుని తల తిప్పుకుని పోయేవారు.

శిరీష పెళ్లి రోజు వచ్చింది. ఆ సాయంత్రం బండి తేవద్దని నేను చెప్పాను, వింటేగా. పొద్దుగూకుతుండగా పట్టుపంచె కట్టుకున్న కుర్రాడొకడు మోటారు సైకిలు ఆపేడు. మూర్తి గారి అబ్బాయి సురేంద్ర. దుబాయ్‌లో పెద్ద హోటల్లో మేనేజరని మూర్తి గారు ఊరంతా చెప్పుకునే కొడుకు. చెల్లెలి పెళ్లికి సెలవు మీద వచ్చేడు. జేబులోంచి నల్ల కవరు తీసేడు.

"అక్కా, ఓ పది కట్టు. ఫ్రెండ్స్ ఉన్నారు."

"కట్టనండి బాబూ. తింటే ఇక్కడే."

"ఈ రోజా? నాన్నగారు చూస్తే ఏవన్నా ఉందా?"

"నన్ను కూడా చూసేరు కదండీ మీ నాన్నగారు" అంది వదిన, కొత్త వాయి జాలీ మీద పేరుస్తూ.

సురేంద్ర వెళ్లలేదు. ఆవిడ పేర్చడం చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి ఉండబట్టలేక "అలా కాదక్కా, మాంసం అతుకున్న వైపు ముందు కిందకి పెట్టాలి. ఈనె లేకపోయినా ఊడదు" అని పట్టకారు తీసుకుని కాయలన్నీ చకచకా తిప్పేడు. మంట లేచిన చోటు నుంచి కాయల్ని పక్కకి జరిపేడు. ఆ చేతులు రోజూ ఆ పని చేసే చేతులని నాకు కూడా తెలిసిపోయింది. వదిన అతని మొహంలోకి చూసింది.

"నేను మేనేజర్ని కాదక్కా" అన్నాడు సురేంద్ర, నిప్పుల వైపు చూస్తూ. "వంటగదిలో గ్రిల్లు దగ్గర ఉంటాను. ఇంట్లో చెప్పలేదు."

అప్పుడే సన్నాయి వినపడింది. మగపెళ్లివారిని ఊరి మొదట్లో కలుసుకోవడానికి మూర్తి గారు బంధువులతో, మేళంతో, పానకం బిందెలతో ఎదురుసన్నాహానికి నడిచి వస్తున్నారు. ఊరి మొదలంటే మా కొట్టు ముందే. సురేంద్ర చేతిలో పట్టకారు ఉంది. అది వదిలేసి బండెక్కి పోవడానికి అతనికి కావలసినంత టైముంది. నేను చూస్తూనే ఉన్నాను. కదల్లేదు.

మేళం బండి ముందుకి వచ్చి ఆగింది.

"సురేంద్రా, ఏంట్రా ఇక్కడ?" అన్నారు మూర్తి గారు.

"వంట చేస్తున్నానండి నాన్నగారూ. అక్కడ కూడా నాది ఇదే పనండి. మేనేజరు కాదు." రామాలయం అరుగు మీద వదిన చెప్పినట్టే, అందరికీ వినపడేలా చెప్పేడు.

సన్నాయి ఆగిపోయింది. బంధువులందరూ మూర్తి గారి మొహం చూస్తున్నారు. ఆయన బోర్డు వైపు చూశారు, గుండిగ మీద తను చెక్కించిన పేరు వైపు చూశారు, పట్టుపంచె మీద మసి పడ్డ కొడుకుని చూశారు. దూరంగా మగపెళ్లివారి కార్ల లైట్లు కనపడుతున్నాయి. ఆయన వదిన దగ్గరికి ఒక్కడుగు వేసి, గొంతు బాగా తగ్గించేరు.

"అమ్మా దుర్గా, ఓ నాలుగు ఏదైనా కవర్లో వేసి ఇచ్చెయ్యమ్మా. ఇంటికి తెచ్చుకుని తింటాడు. తినొద్దనను."

ఆయన గొంతులో నేనెప్పుడూ వినని బతిమాలింపు వినపడింది. వదినకి కూడా వినపడే ఉంటుంది. చేతులు తుడుచుకుని, అరిటాకు ముక్క మీద నాలుగు కాయలు పెట్టి సురేంద్ర చేతికిచ్చింది.

"కట్టనండి మూర్తి గారూ. ఇక్కడే తింటారు బాబు గారు. కాస్త ఆగండి."

మూర్తి గారు ఆగేరు. మేళం ఆగింది. ఊరంతా చూస్తుండగా సురేంద్ర ఆ రోడ్డు మీద నిలబడి, ఊదుకుంటూ, నాలుగు కాయలూ తిన్నాడు.